లైబ్రరీ వయసు బోర్డు చెప్పదు, పుస్తకం లోపలి ముద్ర చెబుతుంది

అడిగిన ప్రశ్న ఇది: "మాది పాత కందుకూరు తాలూకా. మా ఊరి శాఖా గ్రంథాలయం చరిత్ర రాయమని కాలేజీలో నాకు అప్పజెప్పారు. బోర్డు మీద 1950ల నాటి సంవత్సరం ఉంది. మా తాత మాత్రం స్వాతంత్ర్యం రాకముందే తను ఆ లైబ్రరీలో పేపరు చదివానంటారు. ఎవరి మాట నిజం? ఎక్కడ వెతకాలి?"

అమ్మా, మీ తాతగారిని తొందరపడి తప్పు పట్టకండి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల శాఖా గ్రంథాలయాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ తగువు కనీసం అరడజను ఊళ్లలో విన్నాను. దాదాపు ప్రతిచోటా చివరికి తేలింది ఒకటే: బోర్డూ అబద్ధం చెప్పలేదు, ముసలాయనా అబద్ధం చెప్పలేదు. బోర్డు చెప్పేది ఆఫీసు పుట్టిన తేదీ. ఆయన చెప్పేది ఊరు చదవడం మొదలుపెట్టిన కాలం. మీరు రాయబోయే చరిత్రలో ఈ రెండు పోగులూ విడివిడిగా కనిపించాలి. లేదంటే అదీ బోర్డు లాగే తయారవుతుంది.

మొదటి పోగు సంఘాలది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధుల తొలి సభ జరిగింది. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం, వెనకుండి అంతా నడిపించినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయితే ఊళ్లలో పఠన మందిరాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి, లేకపోతే ఆ సభకు ప్రతినిధులు ఎక్కడి నుంచి వస్తారు? నలుగురు కుర్రాళ్లు, ఒక బడిపంతులు, అరుగున్న ఇల్లు, చందా కట్టి తెప్పించుకున్న ఒక పత్రిక. అంతే, గ్రంథాలయం. సాయంత్రం ఒకరు పైకి చదివితే పదిమంది వినేవాళ్లు. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా బొంబాయిలో మొదలై, 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది. మద్రాసులో అచ్చయిన దినపత్రిక రైలెక్కితే నెల్లూరు ఎంత దూరమని? రైలు దారి మీదున్న మన ఊళ్లకు దినపత్రిక అందడం సులువు. దారికి దూరంగా ఉన్న కనిగిరి, పొదిలి వైపుకు అది ఆలస్యంగా చేరేది. మీ ఊరు ఏ వైపున్నదో చూసుకోండి, పఠన మందిరం ఎప్పుడు పుట్టి ఉంటుందో అంచనా వేయడానికి అదొక ఆధారం.

ఈ సంఘాల పద్ధతి ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే వేటపాలెం వెళ్లండి. అక్కడి సారస్వత నికేతనం 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో మొదలైంది. మొదట్లో అది హిందూ యువజన సంఘం. తొలి భవనాన్ని జమ్నాలాల్ బజాజ్ ప్రారంభించారు. 1929లో ఆంధ్రదేశ పర్యటనకు వచ్చినప్పుడు కొత్త భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. చూడండి, ఒక్క సంస్థకే సంఘం పెట్టిన సంవత్సరం ఒకటి, భవనం తెరిచినది ఒకటి, శంకుస్థాపనది మరొకటి. ఇందులో ఏది 'పుట్టిన' సంవత్సరం అంటే నేను సంఘం పెట్టినదే అంటాను. బోర్డులు రాసేవాళ్లకు మాత్రం ఎప్పుడూ భవనమే కనిపిస్తుంది.

వేటపాలెం పక్కనే చీరాల. 1921లో పురపాలక సంఘం వద్దంటూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక చీరాల–పేరాల జనం ఊరు వదిలి రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. అదే ఏడు ఏప్రిల్ 7న నెల్లూరు దగ్గర పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ ప్రారంభించారు. లైబ్రరీ గురించి అడిగితే ఈయన సత్యాగ్రహాల్లోకి పోయాడేమిటి అనుకోకండి. పఠన మందిరం పెట్టిన కుర్రాళ్లూ, ఖద్దరు మూటలు మోసిన కుర్రాళ్లూ చాలా ఊళ్లలో ఒకరే. అందుకే పాత సంఘాల పేర్లలో గ్రంథాలయం అన్న మాట ఉండకపోవచ్చు. యువజన సంఘం, భజన సమాజం, సేవా సమితి ఇలా ఉంటాయి. నెల్లూరులో వర్ధమాన సమాజం పేరు చెబితే పాతవాళ్లకు పుస్తకాలూ ఉపన్యాసాలూ కలిసే గుర్తొస్తాయి. మీ ఊళ్లో 'లైబ్రరీ' కోసం వెతికితే దొరకనిది 'సంఘం' కోసం వెతికితే దొరకొచ్చు.

రెండో పోగు పన్నుది. మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం 1948లో వచ్చింది, అమల్లోకి వచ్చింది 1950 ఏప్రిల్ 1న. దాని వెనక గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి చెయ్యి ఉంది. ఇంటిపన్ను రూపాయికి అర్ధణా చొప్పున గ్రంథాలయ సెస్సు. జిల్లాకొక స్థానిక గ్రంథాలయ సంస్థ, దాన్ని అందరూ ఎల్.ఎల్.ఏ. (లోకల్ లైబ్రరీ అథారిటీ) అనేవాళ్లు. జిల్లాలో ఎంత సెస్సు వసూలైతే ప్రభుత్వం తక్కువలో తక్కువ అంతే తన వాటాగా కలపాలి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక కూడా మనకు ఇదే చట్టం నడిచింది. తెలంగాణ వైపు 1955 నాటి హైదరాబాదు చట్టం ఉండేది. ఈ రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చారు. ఎల్.ఎల్.ఏ. పోయి జిల్లా గ్రంథాలయ సంస్థ అయింది. సెస్సు పెరుగుతూ వచ్చి రూపాయికి 8 పైసలైంది.

ఎల్.ఎల్.ఏ. వచ్చాక చాలా సంఘాల లైబ్రరీలు తమ గదినీ బీరువాలనూ పుస్తకాలనూ దానికి అప్పగించాయి. చందాలు ఎండిపోయాయి, నడిపినవాళ్లు ముసలివాళ్లయ్యారు, కొందరు రాజకీయాల్లోకి పోయారు. వేటపాలెం లాగా తమ కాళ్ల మీద తాము నిలబడ్డవి తక్కువ. అప్పగించిన రోజునుంచి బోర్డు మారింది, సంవత్సరం మారింది. అరుగు మాత్రం అదే. మీ తాతగారు కూర్చున్నది ఆ అరుగు మీదే అయి ఉంటుందని నా అనుమానం.

అనుమానాన్ని తేల్చుకోవడానికి బీరువా తెరవాలి. ఇది నేను కొంచెం తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే చరిత్ర రాసేవాళ్లు మినిట్స్ పుస్తకాలు, ఫొటోలు అడుగుతారు గానీ పుస్తకం లోపలి ముద్ర వైపు చూడరు.

ఒక ఊళ్లో స్టాకు వెరిఫికేషన్ చేస్తుండగా నా చేతికి వావిళ్లవారి అచ్చు పుస్తకం ఒకటి వచ్చింది. (వావిళ్ల అన్నది మన నెల్లూరు జిల్లా ఊరే. అక్కడివాడైన రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో పెట్టిన ప్రెస్సు అది.) అట్ట ఊడింది, వెన్ను దగ్గర పురుగు తొలిచిన సొరంగాలు. పేరున్న పుట మీద ఊదారంగు కోడిగుడ్డు ఆకారపు ముద్ర, లోపల తెలుగులో ఫలానా సంఘం, ఫలానా ఊరు. దాని అంచు మీదుగానే గుండ్రటి ఇంకో ముద్ర, అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఎల్.ఎల్.ఏ. నెల్లూరు. రెండు పుటలు తిప్పితే జిల్లా గ్రంథాలయ సంస్థ, నెల్లూరు. వెనకట్టకు అతికించిన తేదీల చీటీ మీద జిల్లా గ్రంథాలయ సంస్థ, ఒంగోలు. పుస్తకం ఆ బీరువాలోంచి కదలలేదు, దాని యజమాని మాత్రం మూడుసార్లు మారాడు. ఆ ఊరి గ్రంథాలయ చరిత్రంతా ఆ ఒక్క పుస్తకంలో ఉంది. నేను చెయ్యాల్సిందల్లా ముద్రలను వరసగా చదవడమే.

ముద్ర మొదటి పుటలో కనబడకపోతే సీక్రెట్ పేజీ చూడండి. ప్రతి లైబ్రరీ ఒక పుట అంకె పెట్టుకుని, అన్ని పుస్తకాల్లోనూ ఆ పుట మీదే ముద్ర, ప్రవేశ సంఖ్య వేస్తుంది. మొదటి పుట చించేసినా పుస్తకం ఎవరిదో తెలియాలని. లైబ్రేరియన్‌ను మర్యాదగా అడిగితే ఆ అంకె చెప్పేస్తారు. నేనైతే చెప్పేవాణ్ణి. సంఘం నాటి పుస్తకాల్లో సీక్రెట్ పేజీ వేరే ఉండొచ్చు, కాబట్టి అయిదారు పాత పుస్తకాలు పూర్తిగా తిరగెయ్యండి.

ఇక యాక్సెషన్ రిజిస్టరు, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరస సంఖ్య వేసి ఎక్కించే పుస్తకం. బారుగా ఉంటుంది, ఇద్దరు పట్టుకుంటే గానీ బల్ల మీదకు రాదు. తేదీ, ప్రవేశ సంఖ్య, రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, పుటలు, వెల, ఎక్కడినుంచి వచ్చింది, చివర రిమార్కులు. మొదటి సంపుటం మొదటి పేజీలు చూడండి. ఒకే తేదీన, ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో వందలకొద్దీ పుస్తకాలు ఎక్కి ఉండి, బిల్లు నంబరు లేకుండా విరాళం అనో బదిలీ అనో రాసి ఉంటే, ఆ రోజు పుట్టింది కొత్త లైబ్రరీ కాదు, పాత లైబ్రరీ చేతులు మారింది. నిజంగా కొత్తగా పెట్టిన శాఖ అయితే పుస్తకాలు కొద్దికొద్దిగా, బిల్లులతో వస్తాయి.

తేదీ లేని రిజిస్టరు దొరికితే వెల గడి చూడండి. 1-8-0 అని మూడు అంకెలుంటే అది రూపాయి, అణాలు, పైసలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి, ఆ తర్వాత కొన్నేళ్లపాటు న.పై. అని రాసేవాళ్లు, నయా పైసలని. 1964లో 'నయా' పోయింది. కాబట్టి న.పై. ఉన్న పేజీ దాదాపు ఆ ఏడేళ్లదే. ఒక జాగ్రత్త ఉంది: పాత పుస్తకం వెలను అట్ట మీది నుంచి ఎత్తి రాసుకుంటారు, కనుక అణాల వెల ఒక్క పుస్తకానికి కనబడినంత మాత్రాన రిజిస్టరు పాతదని తేల్చెయ్యకండి. పేజీ అంతా అలాగే ఉండాలి. లైబ్రరీలకు పుస్తకాలిచ్చే రాజా రామ్మోహన్ రాయ్ ఫౌండేషన్ ముద్ర ఉన్న పుస్తకమైతే 1972 తర్వాతదే, ఆ సంస్థ పుట్టిందే అప్పుడు.

గోడలో శిలాఫలకం ఉంటే ఇంకో చిక్కు. సున్నాలు కొట్టీ కొట్టీ అక్షరాలు పూడిపోయి ఉంటాయి, మిగిలింది తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే. శుక్ల నామ సంవత్సరం అని ఉందనుకోండి, అది 1929–30 కావచ్చు, 1989–90 కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది. స్థలం కాగితాల్లో ఫసలీ, అంటే రెవెన్యూ వాళ్ల లెక్క సంవత్సరం, ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జులై నుంచి లెక్క. ఫసలీ 1359 అంటే 1949 జులై నుంచి 1950 జూన్ దాకా. స్థలం ఎవరో దానం ఇచ్చారని ఊళ్లో చెప్పుకుంటుంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వే నంబరుతో ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన దస్తావేజుల జాబితా) తీయించండి, దాన దస్తావేజు బయటపడుతుంది. ఊరు చెప్పుకునే దాత ఒకరు, దస్తావేజులో సంతకం ఇంకొకరిది కావడం నేను చూశాను. అలాంటప్పుడు రెండూ రాయండి, మధ్యలో తీర్పరి పని పెట్టుకోకండి.

ఇంకొక చోటు ఎవరికీ తట్టదు, మీ ఇంటి పెట్టె. పాత ఇంటిపన్ను రసీదులు ఉంటే 1950కి ముందు, తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాతి వాటిలో లైబ్రరీ సెస్సు చేరుతుంది. ఆ అణాలు కట్టినవాళ్లంతా, చదువు రానివాళ్లతో సహా, లైబ్రరీకి చందాదారులే. నేను పనిచేసిన ఒక ఊళ్లో స్థానిక సంస్థ సెస్సు వసూలు చేసుకుని ఏళ్లతరబడి మాకు జమ చెయ్యలేదు. పేపరు ఏజెంటుకు బాకీ పడి, నేను జేబులోంచి ఇచ్చి పేపర్లు తెప్పించిన నెలలున్నాయి. ఆ ఉత్తరప్రత్యుత్తరాల ఫైలు కూడా చరిత్రే, దొరికితే వదలొద్దు.

ఇక కాగితాలు ఏ ఊళ్లో వెతకాలన్నది. మన ప్రాంతం సరిహద్దులు మారినన్ని సార్లు పాఠకుడు పుస్తకం రెన్యూవల్ కూడా చేయించుకోడు. ఒంగోలు తాలూకా మొదట నెల్లూరు జిల్లాలోదే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి వైపు, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో చీరాల, అద్దంకి వైపు బాపట్ల జిల్లాలోకి, కందుకూరు మళ్లీ నెల్లూరులోకి వెళ్లాయి. మీ లైబ్రరీ 1970కి ముందు కాగితాల కోసం ఒంగోలులో గంటలకొద్దీ కూర్చుంటే ఏమీ దొరకదు, తప్పు మీది కాదు, వాళ్లదీ కాదు. 1950 నుంచి 1970 దాకా నెల్లూరు, తర్వాత ఒంగోలు. సంఘం రిజిస్టరై ఉంటే అది జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు సంగతి, అక్కడా ఇదే లెక్క. 1950కి ముందు కబుర్ల కోసం గ్రంథాలయ సంఘం వారి పత్రిక గ్రంథాలయ సర్వస్వము పాత సంచికలు, ఆంధ్రపత్రిక పాత ఫైళ్లు తిరగేయాలి. ఊళ్ల లైబ్రరీల వార్షికోత్సవాల వార్తలు చిన్న అక్షరాల్లో చివరి పేజీల్లో ఉంటాయి. పాత పత్రికల ఫైళ్లకు వేటపాలెం పెట్టింది పేరు. రెండు రోజులు కేటాయించుకుని వెళ్లండి, ఒక్క రోజులో ఏదీ తెమలదు.

రికార్డులే లేవని అంటారేమో, దానికీ సిద్ధపడండి. గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా. మన కోస్తాకు వాయుగుండాలు వచ్చేదీ సరిగ్గా అప్పుడే. వేదిక మీద చదువు గొప్పదనం మీద ఉపన్యాసం జరుగుతుంటే వెనక గదిలో కారుతున్న పైకప్పు కింద బకెట్లు పెట్టిన వారోత్సవాలు నాకు తెలుసు. ఒక ఊళ్లో అలా తడిసిన మొదటి సంపుటం రిజిస్టరును నేను ఎండలో ఆరబెట్టించాను, పుటలు అంటుకుపోయి అప్పడాల కట్టలా అయింది. కలరా ఉండలు, వేపాకు పురుగును ఆపుతాయి గానీ నీళ్లను ఆపవు. ఆ తర్వాత నాకు బదిలీ అయింది. మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు అడిగితే, పనికిరాని కాగితాలతో కలిపి కిలోల లెక్కన అమ్మేశామన్నారు. ఎవరిని అనేది? వాళ్లకు అది తడిసిన పుస్తకం. నేనే దాని మొదటి పది పేజీలు చేత్తో ఎత్తి రాసుకోవాల్సింది, రాసుకోలేదు. మీ చేతిలో ఫోనుంది, రిజిస్టరు కనబడిన మొదటి రోజే ప్రతి పేజీ ఫొటో తీసేయండి, తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

చదివినవాళ్ల గురించి కూడా ఒక్క మాట. ఇష్యూ రిజిస్టర్లలో పేర్లన్నీ మగవాళ్లవే కనిపిస్తాయి, దాన్ని చూసి ఆడవాళ్లు చదవలేదని రాసెయ్యకండి. నా దగ్గరికి ఒక రిటైర్డు గుమస్తా ఠంచనుగా శుక్రవారం వచ్చి రెండు నవలలు పట్టుకెళ్లేవాడు. ఒకసారి ఆయన తీసుకెళ్లింది ముందే చదివినదని మర్నాడు వాళ్లావిడే వచ్చి మార్చుకుపోయింది, అప్పుడు తెలిసింది అన్నేళ్ల పాఠకురాలు ఎవరో. కార్డు ఆయనది, చదువు ఆవిడది. అలాగే సంఘాల కాలంలో ఆ అరుగు ఎక్కడానికి ఏ వాడవాళ్లకు వీలుండేది, ఎవరు వీధిలో నిలబడే విన్నారు అన్నదీ అడగాలి. అభినందన సంచికల్లో ఇది రాయరు. ఆ వాడల్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

కాబట్టి పని వరస ఇలా పెట్టుకోండి: ముందు తాతగారు, తర్వాత బీరువా, ఆఫీసులు ఆఖరున. ఆయన్ని ఏ సంవత్సరం తాతా అని అడగొద్దు, తొంభై దాటినవాళ్లు సంవత్సరాలు ఊహించి చెబుతారు. దీపం ఏది, కిరసనాయిలు లాంతరా, పెట్రోమాక్సా, కరెంటు బల్బా? తలుపు ఎవరు తీసేవాళ్లు, జీతానికా ఊరికేనా? ఏ పత్రిక పైకి చదివేవాళ్లు, చదివే ఆయన పేరేమిటి? యుద్ధం వార్తలు విన్నట్టు గుర్తుందా? కూర్చున్నది చాప మీదా, బల్ల మీదా? వీలైతే ఆయన్ని రిక్షాలోనో ఆటోలోనో ఆ లైబ్రరీ దగ్గరికే తీసుకెళ్లి అడగండి, గది చూస్తే ఇంట్లో గుర్తురానివి అక్కడ గుర్తొస్తాయి. ఆయన చెప్పిన మనిషి పేరు ఆ కోడిగుడ్డు ముద్రలోని సంఘం కార్యదర్శి పేరుతో కలిసిందంటే మళ్లీ ఇక్కడ రాయండి, ముద్ర ఫొటో కూడా పెట్టండి. నేను చూస్తాను.